టకటక సార్ చూసిన గోడ

కట్టేవాళ్లని అందరూ మెచ్చుకుంటారు. కట్టినదాంట్లో తప్పులు పట్టేవాడు కనిపిస్తే మాత్రం మేస్త్రీ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఉన్నట్టుండి ఎక్కడో అర్జంటు పని గుర్తొస్తుంది. ఆ ఉద్యోగంలోనే జుట్టు నెరిసిపోయినా ఎవరితోనూ పగ తెచ్చుకోని మనిషి టకటక సార్. ఆయన బాగున్నదాన్ని బాగాలేదనడు, బాగాలేనిదాన్ని బాగుందనడు. ఒంటికాలి మీద లేచిన మేస్త్రీలు కూడా టైలు ఊడదీసి చూశాక నోరు మూసుకుని సిమెంటు కలుపుకునేవాళ్లు.

ఆ పేరు ఆయన చేతిలో ఉండే కడ్డీ వల్ల వచ్చింది. సన్నటి ఇనుప కడ్డీ, చివర గోళీ అంత గుండు. గోడకి అతికించిన ప్రతి టైలు మీదా, ప్రతి రాతి పలక మీదా దాంతో టకటకా కొట్టుకుంటూ పోతాడు. వెనకాల సిమెంటు నిండుగా ఉంటే ‘టక్’మని గట్టిగా పలుకుతుంది. వెనకాల ఖాళీ ఉంటే మట్టికుండని వేలితో కొట్టినట్టు ‘డొబ్’మంటుంది. దాన్నే డొల్ల అంటారు. డొల్ల పలక ఇవాళ అందంగానే ఉంటుంది, రేపూ ఉంటుంది, ఒకరోజు ఎవరూ ముట్టుకోకుండానే ఊడి పడుతుంది. భవనం అప్పగించే ముందు ఆ డొల్లలన్నీ వెతికి పట్టుకోవడం టకటక సార్ పని. చీమ చిటుక్కుమన్నా వినే చెవులని సైట్లలో ఆయనకి పేరు.

ఆయన వెనకాల ఎర్ర టేపు పట్టుకుని నడిచే మనిషి ఆయన కోడలు. ఇంజినీరింగు చదువుకుంది, పెళ్లయ్యాక మామగారు చేసే కంపెనీలోనే చేరింది. మొదటిరోజు ఆయన “మా కోడలు” అని పరిచయం చేశాడు. అంతే, కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న పేరు గాలికి కొట్టుకుపోయింది. “కోడలుగారూ, ఆ చివరి బాత్రూం చూసేశారా?” అని ఆమె తాత వయసున్న ప్లంబరు కూడా అడుగుతాడు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత ఆ పిలుపుకే పలకడం అలవాటైంది. ఆమె మాత్రం సైట్లో ఆయన్ని సార్ అనేది, ఇంట్లో మామయ్యా అనేది. సైటు గేటు దాటగానే పిలుపు మారిపోయేది.

ఇద్దరి పనికీ ఒక పద్ధతి ఉంది. ఆయన కడ్డీతో కొడతాడు. కొట్టి, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూస్తాడు. చూసి, “బాగుంది” అనో, “డొల్ల, అంటించు” అనో అంటాడు. ఆమె ఎర్ర టేపు ముక్క అంటిస్తుంది. తను శ్రద్ధగా వింటోందో లేదో మామగారు కనిపెడుతున్నారని ఆమె అనుకునేది. ఆమె ముఖం ఏదీ దాచుకోలేని ముఖం. డొల్ల చప్పుడు చెవిన పడితే చాలు, పులుపు కొరికినట్టు ముక్కు ముడుచుకుపోయేది. “నీకు పేకాట పనికిరాదు” అని మొగుడు ఏడిపించేవాడు.

ఆ రోజు సాయంత్రం కొత్త ఆస్పత్రి తాళాలు అప్పగించాలి. పెద్ద డాక్టరమ్మ వచ్చి, ఓసారి తిరిగి చూసి, కాగితం మీద సంతకాలయ్యాక తాళాలు తీసుకుంటుంది. పొద్దున్నించీ మేనేజరు కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బాత్రూముల్లో నీళ్లు నిలగట్టి కింది గదుల కప్పులు తడిశాయేమో చూశారు. నేల మీద చెంబుడు నీళ్లు పోసి తూము జాలీ వైపు పోతున్నాయో లేదో చూశారు. కిటికీ రెక్కల్ని చిటికెన వేలితో తోసి చూశారు. తలుపుల సందుల్లో కాగితం పెట్టి లాగారు. ఇక మిగిలింది పై అంతస్తు వార్డు. అక్కడ లోగడ టేపు అంటించిన టైల్స్ మార్చారు కాబట్టి గోడలన్నీ ఇంకోసారి కొట్టి చూడాలి.

వార్డు పక్క గదిలో పెయింటర్లు గోడకి పూసిన లప్పం అరగదీస్తున్నారు. చప్పుడు పెద్దగా లేదు కానీ తెల్లటి దుమ్ము తెరలా కమ్మేసింది. కోడలికి దుమ్ము పడదు. ముక్కుకీ నోటికీ మాస్కు కట్టుకుంది. కళ్లకి అద్దాలు పెట్టుకుంది.

“అది తీసెయ్, ఊపిరాడదు” అన్నాడాయన.

“దుమ్ము సార్. తర్వాత తీస్తాను” అందామె.

ఆయన కొట్టడం మొదలెట్టాడు. కొట్టి, ఆమె వైపు తిరిగి చూసి, “బాగుంది” అన్నాడు. ఇంకోటి కొట్టాడు. “బాగుంది.” ఇంకోటి. ఈసారి చప్పుడు మట్టికుండలా పలికింది. ఆమె టేపు చింపి సిద్ధంగా పెట్టుకుంది. ఆయన ఆమె వైపు తిరిగి కాస్త ఎక్కువసేపే చూసి, “బాగుంది” అని పక్క టైలుకి వెళ్లిపోయాడు.

తనకే సరిగ్గా వినపడలేదేమో అనుకుంది. చేతిలో టేపు ముక్క అలాగే ఉండిపోయింది. మరికొన్ని టైల్స్ తర్వాత మళ్లీ డొల్ల. ఈసారి చెవుల్లో దూది పెట్టుకున్నవాడికైనా వినపడేంత డొల్ల. “బాగుంది” అన్నాడాయన. అని, కోపంగా, “ఆ ముసుగు తియ్యమన్నానా? మనిషి ముఖం కనిపించకుండా ఏం పని ఇది?” అన్నాడు.

ఆమెకి ఒక అనుమానం వచ్చింది.

మాస్కు తీసింది. అద్దాలు తీసి జేబులో పెట్టుకుంది. ఆయన కడ్డీ ఎత్తి తర్వాతి టైలు కొట్టాడు. ‘టక్’మని రాయిలా పలికింది. అంత నిండైన టైలు ఆ గోడ మొత్తానికీ ఇంకోటి ఉండదు. ఆయన తిరిగి చూశాడు. ఆమె కావాలని ముక్కు ముడుచుకుంది.

“డొల్ల” అన్నాడు టకటక సార్. “అంటించు.”

ఆమె అంటించింది. బంగారం లాంటి టైలు మీద ఎర్ర టేపు అంటించి, వంగి చెప్పు సవరించుకుంటున్నట్టు నటిస్తూ కాసేపు తలెత్తలేదు. ఆయన కళ్లలో పడే ధైర్యం లేకపోయింది.

అంటే ఇన్నాళ్లూ ఆయన గోడ వినలేదు. ఆమె ముఖం చదివాడు.

ఇంట్లో సంగతులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. టీవీ అంత గట్టిగా పెట్టుకుంటే ముసలాయన మొండితనం అనుకున్నారు. “మీరంతా గొణుగుతారేంటి, అన్నం తినట్లేదా?” అని ఆయన కసురుకుంటే నవ్వుకున్నారు. ఫోన్ మోగితే “నువ్వు మాట్లాడమ్మా” అని చేతికిచ్చేస్తే బద్ధకం అనుకున్నారు. మనవరాలు బళ్లో జరిగిన కబుర్లు చెబుతుంటే అందరూ నవ్వాక ఆయన నవ్వేవాడు. దాన్ని పెద్దరికం అనుకున్నారు.

ఇంకొకటి గుర్తొచ్చి ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాది క్రితం అత్తగారు పోయిన మధ్యాహ్నం. మంచం పక్కన తను కూర్చుంది. ఆయన మంచానికి కాళ్ల వైపు నిలబడి ఉన్నాడు. అత్తగారి గొంతు పీలగా, గాలిలా ఉంది. ఆయన వైపే చూస్తూ, “దగ్గరికొచ్చి కూర్చోండి” అంది. ఆయన తలూపాడు, కదల్లేదు. కాసేపాగి మళ్లీ అంది. మళ్లీ తలూపాడు. మూడోసారి అని, ఇక అడగడం మానేసి కళ్లు మూసుకుంది. ఆ కళ్లు మళ్లీ తెరవలేదు. కోడలు దాన్ని ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. కానీ ఆ రోజు నుంచీ మామగారికి అన్నం వడ్డించేటప్పుడు కంచం వైపు చూసేది తప్ప మనిషి వైపు చూసేది కాదు. ఇంత రాతిగుండె మనిషా అని ఏడాది పాటు లోపల్లోపల ఆయన్ని నిలదీస్తూనే ఉంది.

ఏడవాలనిపించింది. ఏడవడానికి మాత్రం అది సమయం కాదు. అంతకన్నా భయంకరమైనది కింద ఉంది.

కింద హాలు. ఆస్పత్రిలోకి అడుగు పెట్టగానే రోగులు, వాళ్ల తాలూకు వాళ్లు కూర్చునే చోటు. దాని ఒక పక్క గోడంతా కింద నుంచి కప్పు దాకా నల్లరాతి పలకలు అతికించారు. ఒక్కో పలక ఎత్తాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి. గోడ పొడుగునా కుర్చీలు నేలకి బిగించేశారు. ఆ గోడని పోయినవారం టకటక సార్ ఒక్కడే చూశాడు. పిల్లకి జ్వరం వచ్చి కోడలు ఇంట్లో ఉండిపోయింది. గొట్టాలతో కట్టిన మంచె ఎక్కి కింద నుంచి పై దాకా కొట్టి చూసి, ఒక్క టేపు కూడా అంటించకుండా, బాగుందని సంతకం పెట్టి దిగాడు. టకటక సార్ చూసిన గోడ అన్నాక ఎవరూ మారు మాట్లాడలేదు. రాతిపని మేస్త్రీ మాత్రం ఆ రోజు లడ్డూ దొరికిన పిల్లాడిలా ఉన్నాడని ఎవరో అన్నారు.

ఆమె ఏదో వంక చెప్పి కిందికి పరుగెత్తింది. బ్యాగులోంచి తాళంచెవి తీసి, దాని వెనక వైపుతో రాతి పలకల్ని కొట్టి చూసింది. టక్. టక్. చెయ్యి అందినంత మేరా గోడ కొండలా ఉంది. ప్రాణం లేచొచ్చింది. కానీ చెయ్యందేది మనిషి ఎత్తు వరకే. ఊడి పడితే ప్రాణం తీసేవి ఆ పైన ఉన్నవే. మంచె విప్పేసి షెడ్డులో పడేశారు. మళ్లీ కట్టాలంటే మేనేజరుకి చెప్పాలి. చెబితే ఎందుకంటాడు. ఎందుకో చెబితే, ఇవాళ్టితో టకటక సార్ అన్న మనిషి ఉండడు.

చెప్పకపోతే, రేపటి నుంచి ఆ కుర్చీల్లో జనం కూర్చుంటారు.

ఆమె మెట్ల మలుపు దగ్గర ఆయన కోసం నిలబడింది. ఆయన కడ్డీ చంకలో పెట్టుకుని, పని అయిపోయిన తృప్తితో దిగివస్తున్నాడు. ఆమె ఎదురుగా వచ్చి, ముఖం ఆయన ముఖానికి సరిగ్గా ఎదురుపెట్టి, ఒక్కో మాటా విడదీసి అంది.

“మామయ్యా, మీకు వినపడట్లేదు.”

సైట్లో మామయ్యా అన్నందుకో, ఆ తర్వాత మాటకో, ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“ఎవడన్నాడు?”

“నేనంటున్నాను. బాగున్న టైలుకి ముక్కు ముడిచాను. మీరు డొల్ల అన్నారు.”

“నన్ను పరీక్ష చేశావా?” గొంతు లేచింది. “నీకు జడలు వెయ్యడం రాకముందు నుంచి ఈ కడ్డీ నా చేతిలో ఉంది! నాకు పరీక్ష పెడతావా?”

కింద ఎవరో తలెత్తి చూశారు. ఆమె కదల్లేదు.

“హాలు గోడ మీరొక్కరే చూశారు మామయ్యా.”

ఆయన మెట్ల పిట్టగోడ పట్టుకున్నాడు. కోపం వచ్చినంత వేగంగా పోయింది, దాంతోపాటు మనిషిలో బిగువు కూడా పోయింది.

“వేళ్లకి తెలుస్తుందమ్మా” అన్నాడు. “డొల్లయితే కడ్డీ వేళ్లలో వేరేగా అదురుతుంది.”

“ప్రతిసారీ తెలుస్తుందా?”

“లేదు” అన్నాడు. “ఆ పై పలకలు... బాగున్నాయనే అనుకున్నాను. అనుకున్నాను అంతే.”

“మేనేజరుకి చెప్పావా?” అని అడిగాడు మళ్లీ తనే.

“లేదు.”

“చెబుతావా?”

“మీరు చెబితే బాగుంటుంది.”

ఆయన నవ్వాడు. అది నవ్వు కాదని ఆమెకి తెలుసు. “చెబితే రేపట్నించి నేనేంటమ్మా? ఇంట్లో టీవీ ముందు కుర్చీనా?” అన్నాడు. ధైర్యం చెప్పే మాటలు ఆమె నోటిదాకా వచ్చాయి కానీ అవన్నీ డొల్ల మాటలే అనిపించి మింగేసింది. ఆయన ఆమెని దాటుకుని మెట్లు దిగిపోయాడు. ఏం చేస్తాడో ఆమెకి తెలీదు. ఆయన నోరు విప్పకపోతే తను విప్పాలని మాత్రం గట్టిగా అనుకుంది. మొగుడికి ఏం చెప్పాలి, ఈ మనిషికి అన్నం ఎలా వడ్డించాలి అని ఆలోచనలు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి.

సాయంత్రం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, ఎత్తుగా, తక్కువ మాట్లాడే మనిషి. వెనక ఇద్దరు గుమాస్తాలు. మేనేజరు చేతులు నలుపుకుంటూ అన్ని గదులూ తిప్పి చూపించాడు. చివరికి అందరూ హాల్లోకి వచ్చారు. బల్ల మీద తాళాల పెట్టె, పక్కన కాగితాలు. చివరి కాగితం మీద టకటక సార్ మొత్తం భవనానికి కలిపి ఒక్క సంతకం పెడితే అప్పగింత పూర్తవుతుంది.

“టకటక సార్ చూశారంటే ఇక దేవుడు దిగొచ్చి చూడక్కర్లేదు మేడం” అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. వాళ్లు నవ్వాక ఆయన నవ్వాడు. కోడలు అది చూసి పెదవి కొరుక్కుంది.

ఆయన కలం తీసుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. అప్పుడే పొద్దున్నించీ హాలు తుడిచి అలిసిపోయిన పనమ్మాయి ఒకామె, అందరి ధ్యాసా తాళాల మీద ఉంది కదా అని, వెళ్లి నల్లరాతి గోడ కింద కుర్చీలో కూలబడింది. తల వెనక్కి వాల్చి గోడకి ఆనించి కళ్లు మూసుకుంది. ఆయన కలం ఆగిపోయింది. ఆమె నెత్తి మీంచి చూపు మెల్లగా పైకి, పై పలకల దాకా వెళ్లింది.

“అమ్మాయ్, లే అక్కడ్నించి” అన్నాడు. వినికిడి తగ్గినవాళ్లకి తమ గొంతు తమకి అందదు కాబట్టి అది కేకలా వచ్చింది. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. మేనేజరు ఆమెని కసరబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపి, కలం బల్ల మీద పెట్టేశాడు.

“ఈ గోడ నేను చూడలేదు.”

“అదేంటి సార్! చూశారు కదా, సంతకం కూడా ఉంది” అన్నాడు మేనేజరు.

“కొట్టాను. వినలేదు.” ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. “నాకు చెవులు పనిచెయ్యట్లేదు. చాలా రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.”

మేనేజరు నీళ్లు నమిలాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి, “సార్‌కి ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదు మేడం, ఏదో అంటున్నారు” అన్నాడు. తనకి వినపడదన్న మనిషి ఎదుటే, వినపడదన్న ధైర్యంతో అన్నాడు. టకటక సార్ కోడలి వైపు చూశాడు. మేనేజరు అన్నది ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ గట్టిగా, ఉన్నదున్నట్టు చెప్పింది. మేనేజరు ముఖం మాడిపోయింది.

“ఒంట్లో బాగానే ఉంది” అన్నాడాయన. “మంచె తెప్పించండి. మా కోడలు చూస్తుంది.”

కడ్డీ ఆమె చేతికిచ్చాడు. ఇన్నేళ్లలో ఆ కడ్డీ ఇంకొకరి చేతికివ్వడం ఆమె చూడలేదు. అది అనుకున్నంత బరువు లేదు.

మంచె వచ్చింది. ఆమె ఎక్కింది. డాక్టరమ్మ వెళ్లిపోకుండా చేతులు కట్టుకుని నిలబడింది. మధ్య వరసలు బాగున్నాయి. ఆ పైవి బాగున్నాయి. చప్పుడు గట్టిగా పలికిన ప్రతిసారీ ఆమె మనసు రెండుగా చీలింది. గోడ బాగుంటే మంచిదే, కానీ బాగుంటే ఆయన ఊరికే తల వంచుకున్నట్టవుతుంది. కప్పుకి దగ్గర్లో ఒక పలక కొట్టింది.

‘డొబ్.’

పక్కది కూడా. దాని పక్కదీ. ఆమె ఎర్ర టేపు అంటించుకుంటూ పోయింది. రాతిపని మేస్త్రీ కిందనుంచి, “అంత మాత్రానికి ఏం కాదు కోడలుగారూ, పట్టు ఉంటుంది” అన్నాడు. డాక్టరమ్మ మొదటిసారి నోరు విప్పింది. “ఒకటి తీసి చూపించండి” అంది.

మేస్త్రీ, అతని మనిషి మంచె ఎక్కి పలక సందులోకి ఇనుప రేకు దూర్చారు. సుత్తి కూడా అక్కర్లేకపోయింది. పలక కదిలి వాళ్ల చేతుల్లోకి వచ్చేసింది. వెనక నిండా ఉండాల్సిన సిమెంటు లేదు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి. అంతే. ఎత్తులో పని, ఎవరు చూస్తారులే అని ముద్దలు పెట్టి అతికించేశారు. డాక్టరమ్మ ఆ ముద్దల వైపు చూసి, కింద కుర్చీ వైపు చూసింది. తాళాల పెట్టె మూత తనే మూసేసి, “గోడ మొత్తం తీసి మళ్లీ కట్టాక పిలవండి” అంది. వెళ్లబోతూ టకటక సార్ ముందు ఆగింది. ఏదో అనబోయి, ఆయనకి వినపడదని గుర్తొచ్చిందేమో, చేతులు జోడించి వెళ్లిపోయింది.

మేనేజరు కోడలి దగ్గరికొచ్చాడు. మేస్త్రీ మీద చూపించాల్సిన కోపం అతని గొంతులో ఇంకా సర్దుకోలేదు. “వచ్చే సైటుకి మీరొక్కరే రండి” అన్నాడు. “సార్‌కి మీరే చెప్పండి.” చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మామగారు దూరంనుంచి ఇద్దరి ముఖాలూ చూస్తూనే ఉన్నాడు.

జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. హాల్లో ఊడదీసిన పలక ఒక పక్కకి ఆనించి ఉంది. ఆయన మెట్ల మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. ఏదైనా మంచి మాట చెప్పాలనుకుంది. ఎంతమంది ప్రాణాలు కాపాడారో చెప్పాలనుకుంది. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు.

“ఇక దాచేదేం లేదు కదా” అన్నాడు. “ఇప్పుడు అడగొచ్చు. ఏడాదిగా అడుగుదామని, అడిగితే చెవుల సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను.”

“ఏంటి మామయ్యా?”

“మీ అత్తయ్య ఆ రోజు నాతో ఏదో అంది. పెదాలు కదిలాయి. నీ ముఖం చూశాను, ఏమన్నా తెలుస్తుందేమోనని. నువ్వు ఏడుస్తున్నావు. ఏడుపులో ఏం తెలుస్తుంది?” ఆయన తలెత్తాడు. “ఏమంది?”

అబద్ధం చెప్పొచ్చు. జాగ్రత్తగా ఉండమన్నారనో, వేళకి తినమన్నారనో చెబితే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆయన తన ముఖంలోకే చూస్తున్నాడు. ఆ ముఖంతో ఆయనకి అబద్ధం చెప్పగల మనిషి కాదు ఆమె. పైగా ఏడాది పాటు ఆయన్ని రాతిగుండె అనుకున్న మనసు ఇంకో అబద్ధం మొయ్యలేనంది. మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆయన కళ్లలోకి చూస్తూ గట్టిగా చెప్పింది.

“దగ్గరికొచ్చి కూర్చోండి అన్నారు మామయ్యా. మూడుసార్లు అన్నారు.”

ఆయన పెదాలు ఆ మాటని చప్పుడు లేకుండా ఒకసారి పలికాయి.

“నేను తలూపాను” అన్నాడు.

“ఊపారు.”

“వస్తున్నాననుకుని ఉంటుంది.”

ఆమె ఏడుస్తోంది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. “అత్తయ్యకి తెలీదా, మీకు వినపడదని?” అంది.

టకటక సార్ తల అడ్డంగా ఊపాడు.

“తెలిసుంటే చెయ్యూపి పిలిచేది” అన్నాడు. “తనకి కూడా చెప్పలేదు నేను.”